విడివిడిగా నిర్దోషులు

2020వ సంవత్సరం డిసెంబరు మాసపు తొలివారంలో ఏలూరు పట్టణవాసులు ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోసాగినారు. కొద్ది దినాలలోనే అయిదు వందలకు పైబడిన జనం ఆసుపత్రిలో చేరినారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు పరీక్షించి, రోగుల రక్తంలో సీసమూ నికెలూ హెచ్చుగా ఉన్నవన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పురుగుమందుల అవశేషాలు కనబడినవన్నారు. ఇక వాదం మొదలైనది. సీసమా, పురుగుమందా? చివరకు నిపుణులు పురుగుమందు వైపు మొగ్గు చూపినారు. పత్రికలు వేరొక వార్తకు మరలినవి.

ఆ దినాలలో మేము చదివిన వార్తలన్నింటిలోనూ ప్రశ్న ఒక్కటే: దోషి ఏది? అందరూ ఏకవచనంలోనే అడిగినారు. రెండు మూడు విషాలు ఒకే దేహంలో చేరిన వేళ ఏమి జరుగునన్న ప్రశ్న మా కంట పడలేదు. వ్యాకరణం చెప్పుకొని బ్రతుకువారము గనుక ఆ ఏకవచనం మా మనస్సులో ముల్లువలె నిలిచిపోయినది. ఈ వ్యాసం దాని నుండి పుట్టినదే.

ఏలూరు ఉపద్రవం నలుగురి కంట పడినది గనుక కనీసం వాదమైనా జరిగినది. ఎవరి కంటా పడకుండ, మూర్ఛ లేకుండ, కేక లేకుండ, తల్లి గర్భంలోనే ఆరంభమై పసివాని మెదడును తాకు ఉపద్రవం మరియొకటి ఉన్నది. గాలిలోని ధూళి, నీటిలోని లోహాలు, కూరలపై మందులు, ఇంటి గోడల రంగు, ప్లాస్టిక్కు పాత్రలు, ఇవన్నీ ఒకేసారి, ఒకే తల్లి రక్తం ద్వారా, ఒకే శిశువును చేరుతున్నవి. చట్టం మాత్రం ఒక్కొక్క దానిని వేరు వేరుగా పిలిచి విచారించి, "నీ పాలు స్వల్పమే, నీవు నిర్దోషివి" అని పంపివేస్తున్నది.

భాష బోధించువారికి ఈ రసాయనాల గొడవ ఎందుకని చదువరులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నయే. మేము ఈ విషయంలోనికి మాటల దారినే వచ్చినాము. స్వీడన్ దేశంలోని వేర్మ్‌లాండ్ ప్రాంతంలో 2007వ సంవత్సరం నుండి రెండు వేలకు పైబడిన గర్భిణులను పరిశోధకులు ఎన్నుకొని, గర్భం ధరించిన తొలి మాసాలలోనే వారి రక్తమూ మూత్రమూ సేకరించి భద్రపరచినారు. పిల్లలు పుట్టి ముప్పది నెలల వారైన తరువాత ఒక సామాన్యమైన లెక్క తీసినారు: బిడ్డ ఎన్ని మాటలు పలుకగలడు? ఆ వయస్సుకు యాభై మాటలు కూడ రానివారిని మాట ఆలస్యమైన పిల్లలుగా ఎంచినారు. తల్లుల దేహంలో ఏ రసాయనాల కూడిక హెచ్చుగా ఉన్నచో బిడ్డలకు మాటలు తగ్గినవో గుర్తించినారు. ప్లాస్టిక్కును మెత్తబరచు థాలేట్లు, బిస్ఫినాల్-ఏ, నూనెనూ నీటినీ అంటనీయని పూతలలో వాడు పెర్‌ఫ్లోరో రసాయనాలు అందులోనివి.

అంతటితో ఆగినచో అది కేవలం ఒక లెక్కగా మిగిలిపోయెడిది. వారు మరొక అడుగు వేసినారు. ఆ తల్లుల దేహాలలో ఏ పాళ్లలో ఉన్నవో అదే పాళ్లలో ఆ రసాయనాలను ప్రయోగశాలలో కలిపి, మానవ మూలకణాల నుండి పెంచిన మెదడు కణజాలంపైనా, కప్ప పిల్లలపైనా, చిరుచేపలపైనా ప్రయోగించినారు. థైరాయిడ్ హార్మోను నడుపు పనులు, మెదడు ఎదుగుదలను శాసించు జన్యువుల పని దెబ్బతిన్నవి. 2022లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ పరిశోధనలో మమ్ము నిలిపివేసిన మాట ఒకటి కలదు. ఈ మిశ్రమాన్ని ఒక్కటిగా తూచి, ఇంతకు మించిన ఆందోళన చెందవలెనని ఒక మట్టం నిర్ణయిస్తే, నూటికి 54 మంది వరకు పిల్లలు గర్భంలో ఉండగానే ఆ మట్టాన్ని దాటినవారు. స్వీడన్ వంటి శుచిగల దేశంలోనే ఇట్లున్నది.

యాభై మాటలు. ఉర్దూ ఇంట, తెలుగు వీధిలో వినిపించు మన పేటలలో పెరుగు బిడ్డకు రెండు భాషలలో కలిపి యాభై మాటలు రావలసిన వయస్సు అది. మాట ఆలస్యమైనచో మనవారు మొదట నిందించునది రెండు భాషలను. "ఇంటిలో ఒకటి, బయట ఒకటి, పిల్లవాడు గందరగోళ పడుతున్నాడు" అందురు. రెండు భాషలు మాట్లాడు ఇల్లు బిడ్డ మెదడుకు కీడు చేయదని భాషాశాస్త్రం ఏనాడో తేల్చినది. నిందింపవలసినది గాలిలో, నీటిలో ఉండవచ్చునన్న ఊహ మాత్రం ఎవరికీ రాదు.

శిశువు మెదడే ఎందుకు ఇంత సులభంగా చిక్కునో కొంచెం చెప్పవలెను. గర్భం నిలిచిన ఇరువది ఎనిమిది దినాలలోనే వెన్నుపాముకూ మెదడుకూ మూలమైన నాళం మూసికొనును. పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతి అప్పటికింకా తెలియనే తెలియదు. తరువాత కోట్లాది నాడీకణాలు లోపలి పొరలలో పుట్టి, తమ తమ స్థానాలకు వెలుపలికి ప్రయాణించి, ఒకదానితో ఒకటి చేతులు కలుపవలెను. ఇదంతా ఒక వరుసలో, ఒక గడువులో జరుగును. తాపీమేస్త్రీ పునాదిలో తప్పిన రాయిని రెండవ అంతస్తు లేచిన తరువాత సవరింపలేడు గదా! పాదరసం ఆ కణాల ప్రయాణాన్ని అడ్డును. సీసం కాల్షియం వేషం ధరించి వాటి సంకేతాలలో చొరబడును. కొన్ని పురుగుమందులు నాడీసందేశం ముగియుటకు కావలసిన ఎంజైమును కట్టివేయును. తొలి మూడు నాలుగు మాసాలు శిశువు తల్లి థైరాయిడ్ హార్మోనుపైననే ఆధారపడియుండును గనుక, తల్లి థైరాయిడ్‌ను కదిలించినదేదైనా బిడ్డ మెదడును కదిలించినట్లే. దారులు వేరైనా అన్నీ చేరునది ఆ ఒక్క మెదడునే. పెద్దల మెదడును రక్తంలోని విషాల నుండి కాపాడు కంచె గర్భస్థ శిశువులో ఇంకా పూర్తిగా బిగిసియుండదు.

విషాన్ని తల్లి దేహం ఆపునన్న నమ్మకం ఒకప్పుడు వైద్యులకు కూడ ఉండెను. జపానులోని మినమాత ఊరు దానిని పోగొట్టినది. 1956లో అచ్చట పాదరస వ్యాధి బయటపడినది. ఒక కర్మాగారం సముద్రంలోనికి వదలిన పాదరసం చేపలలో చేరి, వాటిని తిన్న జాలరులను చంపినది. ఆ ఊరిలో ఏమంత జబ్బు కనిపించని తల్లులకు కూడ చేతులు కాళ్లు స్వాధీనంలో లేని, మాట రాని శిశువులు పుట్టినారు. మావి గుండా పాదరసం బిడ్డకు చేరినదని హరాద మసాజుమి అను వైద్యుడు వాదించినాడు. జపానువారు బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి పెట్టెలో దాచుకొందురు. మన ఇండ్లలో కూడ దానిని తాయెత్తులో పెట్టి మొలకు కట్టు అలవాటు కలదు. ఏళ్ల తరబడి దాచిన ఆ బొడ్డుతాళ్లలోని పాదరసమే ఆ తల్లుల తరఫున సాక్ష్యం చెప్పినది. ముత్తైదువుల మూఢాచారమని మనం నవ్వుకొను అలవాటు ఒక మహానేరానికి దస్తావేజు అయినది.

మినమాతలో దోషి ఒక్కటే కావున పట్టుకొనుట కొంత సులభమైనది. ఆ తరువాత వచ్చిన కథ అంత సులభం కాదు. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులలో 1986-87 మధ్య పుట్టిన వేయిమందికి పైగా పిల్లలను ఫిలిప్ గ్రాంజాన్ అను డేనిష్ పరిశోధకుడు వెంబడించినాడు. అచ్చటివారు తిమింగల మాంసం తిందురు. దానిలో పాదరసం ఉన్నది. గర్భంలో పాదరసం ఎక్కువ తగిలిన పిల్లలు ఏడేళ్ల వయస్సులో భాషలో, ఏకాగ్రతలో, జ్ఞాపకంలో వెనుకబడినట్లు తేలినది. అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవులలో మరియొక బృందం చేపలు తిను తల్లుల పిల్లలను పరీక్షించినది. అచ్చట కూడ పాదరసం ఉన్నది. కాని అట్టి హాని స్పష్టంగా కనబడలేదు. శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి తర్కించినారు. ఒకరి లెక్క తప్పా? మరొకరి లెక్క తప్పా? తర్కం సాగగా ముందుకు వచ్చిన వివరణలలో ఒకటి మాకు మిక్కిలి సంగతమని తోచినది. ఫారోవారి తిమింగలపు కొవ్వులో పాదరసానికి తోడు పీసీబీలను మరియొక జాతి విషాలు కూడ ఉన్నవి. సేషెల్స్‌వారి చేపలలో అవి అంతగా లేవు, పైపెచ్చు మెదడుకు మేలుచేయు కొవ్వులు పుష్కలం. ఒకే పాదరసం. ఒకచోట తోడుదొంగ దొరికినది, మరొకచోట కాపలాదారు దొరికినాడు. ఈ వివరణ ఎంతవరకు నిలుచునో పండితులు చెప్పవలెను. అయినను ఒక పదార్థాన్ని దాని సాంగత్యం నుండి వేరుచేసి "ఇంతవరకు క్షేమం" అని చెప్పు పద్ధతి ఎంత బలహీనమో చూపుటకు ఈ రెండు దీవులు చాలును.

సున్నకు సున్న కలిపిన సున్నయే యని మనం ఒకటవ తరగతిలో నేర్చుకొన్నాము. లండను విశ్వవిద్యాలయంలో కోర్టెన్‌క్యాంప్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగం ఈ లెక్కను తలక్రిందులు చేసినది. స్త్రీ హార్మోనును అనుకరించు ఎనిమిది రసాయనాలను వారు తీసికొన్నారు. ఒక్కొక్కటి విడిగా ఉన్నప్పుడు ఏ ప్రభావమూ చూపని మోతాదులోనే వాడినారు. ఎనిమిదింటినీ కలిపినంతనే ప్రభావం స్పష్టంగా కనబడినది. అనగా అవి సున్నలు కావు. మన కొలత కందని చిన్న అంకెలు మాత్రమే.

కొన్ని విషాలు ఒకదానితో ఒకటి కలిసినపుడు కూడికతో ఆగవు. మెక్సికో నగరంలో పిల్లలను పసితనం నుండి పరీక్షించగా, రక్తంలో మాంగనీసు కూడ హెచ్చుగా ఉన్న శిశువులలో సీసం చేయు చెరుపు ఇంకను ఎక్కువగా కనబడినది. గోరుచుట్టుపై రోకటిపోటు అని మన పెద్దలు అన్నది ఇట్టి దానినే. మన దేశంలో ఈ గోరుచుట్టు ఏదని అడిగితే మేము మొదట చెప్పునది రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి, గర్భిణులలో నూటికి 52 మందికి రక్తం చాలదు. ఇనుము చాలని దేహం, ఇనుమును పీల్చుకొను ద్వారాలను పేగులో విశాలంగా తెరచియుంచును. ఇనుము రాదు, సీసం వచ్చును. ఆకలిగొన్న ఇంటిలోనికి దొంగ అతిథివలె ప్రవేశించునట్లు.

సీసం కథలో విచారకరమైన అధ్యాయం మరియొకటి ఉన్నది. దేహంలో చేరిన సీసం చాలవరకు ఎముకలలో దాగి దశాబ్దాలు నిలుచును. గర్భంలోని బిడ్డ ఎముకలకు కాల్షియం కావలసివచ్చి, తల్లి తిండిలో అది చాలనప్పుడు, తల్లి ఎముక కరిగి కాల్షియంతో పాటు సీసాన్ని కూడ రక్తంలోనికి విడుచును. మన దేశమంతట సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయినది 2000వ సంవత్సరంలో. 1990లలో బస్సుపొగ మధ్య ఆడుకొన్న బాలికలు నేడు తల్లులు. ఆ నాటి పొగ నేటి బిడ్డకు ఎముక నుండి అందుతున్నదన్న మాట.

ఇంతకూ ఎంత సీసం క్షేమం? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఇచ్చిన సమాధానాలను వరుసగా చదువుట ఒక విద్య. డెసిలీటరు రక్తానికి 1960లలో 60 మైక్రోగ్రాములన్నారు. 1971లో 40 అన్నారు. 1975లో 30, 1985లో 25, 1991లో 10, 2012లో 5, 2021లో 3.5. పిల్లల దేహాలు మారలేదు, చూచు కన్ను మాత్రం పదునెక్కినది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అను వైద్యుడు బోస్టను సమీపంలో పిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి, పంటిలో సీసం హెచ్చుగా ఉన్నవారు తరగతిలో వెనుకబడుటను చూపినపుడు, ఆ పిల్లలలో ఎవరికీ రోగలక్షణమన్నది లేదు. "సోమరి", "పరధ్యానం" అన్న బిరుదులు మాత్రం ఉపాధ్యాయులు ఇచ్చియుండవచ్చు. యునిసెఫ్ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరికి రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములకు తక్కువ కాదు.

ఇక మన ఇంటి సంగతి. దీనిని వ్రాయుటకు కొంత సంకోచించినాము, కాని మన సంచికలో మన మాట మనమే చెప్పుకొనవలెను గదా.

మా ఇంట రెండేళ్ల క్రితం ఒక శిశువు పుట్టినది. నలుబది దినాల చిల్లా గది. కిటికీకి పరదా. మూలలో లోబాన్ పొగ, తల్లి తల ఆరుటకు, బిడ్డకు దృష్టి తగులకుండుటకు. పొరుగున ఉన్న హిందూ సోదరుల ఇండ్లలో పురిటిగదిలో సాంబ్రాణి వేసినట్లే. సాయంత్రమైన దోమల కాయిల్. ఊయలకు క్రొత్తగా పూసిన పచ్చరంగు. బిడ్డ తండ్రి పని పాత బ్యాటరీల దుకాణంలో. పనినుండి వచ్చి అదే చొక్కాతో బిడ్డను ఎత్తుకొని ముద్దాడును. అడుగున ఎర్రదనం తేలిన దేగ్చాకు సందులో కళాయి వేయించినారు. ఆ తగరంలో ఎంత సీసం కలిపినారో వేసినవానికే ఎరుక. ఇన్నింటి నడుమ మా దాదీ తన సుర్మాదాని తెచ్చి, వెండి సలాకతో బిడ్డ కన్నులలో సుర్మా పెట్టబోయినది. పెద్దలు మెచ్చిన ఇస్మిద్ ఏ రాయియో పండితులు చర్చింతురు గాక. నేడు బజారులో సుర్మా పేర అమ్ముడుపోవునది చాలవరకు గెలీనా అను సీసపు రాయి పొడి యని పెక్కు పరీక్షలు చూపినవి. ఆముదపు దీపపు మసితో ఇంట పట్టిన కాటుకతో దీనికి పోలిక లేదు. మేము మెల్లగా చేయి అడ్డము పెట్టి ఈ మాట చెప్పినాము.

దాదీ మమ్ము తేరిపార చూచి, "బేటా, మీ అబ్బాకు పెట్టినాను. నీకు పెట్టినాను. ఏమైనది నీకు? ఎం.ఏ. ప్యాసు కాలేదా?" అన్నది.

ఆ ప్రశ్నకు వెంటనే మా వద్ద బదులు లేకపోయినది. తరువాత ఆలోచింపగా రెండు బదుళ్లు తోచినవి. మొదటిది, సుర్మా లేకున్న మేము ఏమై ఉండెడివారమో కొలిచినవారు లేరు. కాని అది తర్కపు గెలుపే, దాదీ ఒప్పుకొనదు. రెండవది ఆమెకూ సంగతమనిపించునది. ఆమె కాలంలో ఆ గదిలో సుర్మా ఒక్కటే. నేడది పదింటిలో ఒకటి. బ్యాటరీ దుకాణపు చొక్కా అప్పుడు లేదు, ప్లాస్టిక్కు పాలసీసా లేదు, వీధి చివర ఆటోల పొగ లేదు. అదే గిన్నెలో మరొక చెంచా పోసినపుడు, పొంగినది ఏ చెంచా వలన అని అడుగుట వృథా. నిండిన గిన్నెలో నుండి మన చేతనైన చెంచా తీయవలెను. సుర్మా తీయుట మన చేతనైనది. ఆటోల పొగ తీయుట కాదు.

ఈ చివరి మాట దగ్గర మేము ఒక హెచ్చరిక చేయదలచినాము. గర్భిణులకు ఉపదేశములిచ్చు వ్యాసాలు ఈ మధ్య పెరిగినవి. ఇది తినకుము, అది తాకకుము, ఆ పాత్ర వాడకుము. భారమంతయు తల్లిపై మోపి ప్రభుత్వమూ వర్తకుడూ తప్పుకొను ఉపాయమిది. చేపలలో పాదరసమని భయపెట్టి, పేద తల్లి నోటి నుండి అగ్గువకు దొరకు ఒకే ఒక మంచి ఆహారాన్ని లాగివేసిన సలహా మేలు చేయదు; సేషెల్స్ కథ చెప్పినదదే. ఏ తల్లీ తాను పీల్చు గాలిని ఎన్నుకొనలేదు. కాటేదాన్ పారిశ్రామికవాడ నేలలో సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలు మితిమీరి ఉన్నవని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లోనే ప్రచురించినారు. ఆ చుట్టుపట్ల కాపురముండువారు ఆ నేలను ఎన్నుకొన్నది అద్దె చవుక అని. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు బావులు త్రాగిన తరాలు ఎముకలు వంగుటనే ఎరుగుదురు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు పిల్లల బుద్ధిబలం తగ్గుటతో ముడిపడియున్నదని అమెరికా జాతీయ విషపరీక్షా కార్యక్రమం వారు 2024లో ఒక మోస్తరు విశ్వాసంతో ప్రకటించినారు. ఆ నీటిని త్రాగినవారెవరూ రుచి చూచి ఎన్నుకొనలేదు.

పేదరికం కూడ ఈ మిశ్రమంలో ఒక దినుసే యని మేము అనుట అలంకారం కొరకు కాదు. న్యూయార్కు నగరంలో నల్లజాతి, డొమినికన్ తల్లుల బిడ్డలను ఫ్రెడరికా పెరేరా బృందం పరీక్షించగా, గర్భంలో పొగ తాకిడి వలన బుద్ధిలబ్ధి తగ్గుదల, తిండికీ ఇంటికీ కటకటలాడిన తల్లుల పిల్లలలోనే స్పష్టంగా కనబడినది. రోచెస్టరు విశ్వవిద్యాలయంలో డెబోరా కోరీ-స్లెక్టా ఎలుకలపై చేసిన ప్రయోగాలలో, గర్భిణికి కలిగించిన ఆందోళన, సీసం విడివిడిగా చేయని కీడును కొన్ని విషయాలలో జతగా చేసినవి. ఆందోళన రసాయనం కాదు. అయినను బిడ్డ మెదడు దానిని రసాయనంగానే స్వీకరించును.

మన చట్టాల సంగతి చూడండి. గాలికి ఒక కార్యాలయం, నీటికి ఒకటి, తిండికి ఒకటి, రంగులకు ఒకటి. గాలిలో సన్నని ధూళికణాలకు 2009లో మన ప్రభుత్వం నిర్ణయించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5. ఇంటి రంగులలో సీసానికి పరిమితి పది లక్షల పాళ్లలో 90 పాళ్లని 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. మంచిదే. కాని ఈ పరిమితులన్నీ బిడ్డ దేహంలో మరేమియు లేదనుకొని వ్రాసినవి. ప్రతి కార్యాలయమూ తన చెంచాను కొలుచుకొని సంతోషించును. గిన్నెను చూచు ఉద్యోగి లేడు. ఐరోపా సమాఖ్య 2020లో ప్రకటించిన రసాయనాల విధానంలో ఈ లోపాన్ని ఒప్పుకొని, మిశ్రమాన్ని దృష్టిలో ఉంచుకొని ఒక్కొక్క పదార్థపు పరిమితిని ఇంకను తగ్గించు ఒక భాజకాన్ని చేర్చవలెనన్న ఆలోచన ముందుకు తెచ్చినది. అచ్చటి పరిశ్రమలవారు దానిపై గట్టిగా పెనగులాడినారు. ఆశ్చర్యం లేదు.

అట్లు తగ్గించిన కార్ఖానాలు మూతబడును, మనవారి కూలి పోవునని కొందరు మిత్రులు మాతో వాదింతురు. ఈ భయాన్ని తేలికగా కొట్టివేయము. ఆ కార్ఖానాలలో పనిచేయు తండ్రుల పిల్లలే మా తరగతులలో కూర్చుందురు. కాని పెట్రోలులో సీసం పోయిన దినాన ఏ బండీ ఆగలేదు. బంగ్లాదేశ్ ఇంకను చక్కని ఉదాహరణ. పసుపు నిగనిగలాడుటకు సీసపు క్రోమేటు కలుపుతున్నారని అచ్చటి పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వారితో కలిసి 2019లో బయటపెట్టినారు. ప్రభుత్వం వర్తకులను పట్టి జరిమానా వేసి, పత్రికలలో ప్రచారం చేసినది. బజారు నమూనాలలో నూటికి 47 వంతుల కల్తీ ఉండగా 2021 నాటికి ఒక్కటి కూడ కనబడలేదు. రెండేళ్లు పట్టినది. ఎవరి అంగడీ మూతబడిన వార్త మేము చదువలేదు.

మేము కోరునది పెద్దదేమీ కాదు. గర్భిణికి రక్తం ఎంతున్నదో చూచుటకు ఆరోగ్య కార్యకర్త వ్రేలికొన నుండి తీయు నెత్తుటి బొట్టు ఉన్నదే, దానితో పాటు సీసం కూడ చూడవలెను. ఇనుము మాత్రలతో పాటు ఇంటిలో ఏమేమి కూడుతున్నదో అడుగవలెను. ఇది జిల్లాకొక ఆసుపత్రిలో ఆరంభించినను చాలును.

ఉపాధ్యాయులకు సంబంధించినది మరొకటి. వెనుక బెంచీలో కూర్చుండి, చెప్పినది పట్టనివానిని మనం "మొద్దు" అందుము. మేము కూడ అన్నాము. ఆ మాట ఇప్పుడు తలచుకొన్న సిగ్గు కలుగును. ఏ ఒక్క విద్యార్థిని చూపి ఇతని తెలివిని సీసం తిన్నదని చెప్పుటకు ఎవరికీ అధికారం లేదు. ఈ శాస్త్రం వేలమంది సగటును చెప్పునే గాని ఒకరి జాతకాన్ని చెప్పదు. పేద పేటలో పుట్టి తెలివిలో మిన్నయైనవారు మన కళాశాలలోనే ఎందరో ఉన్నారు. అయినను ఒక వాడ పిల్లలందరి సగటు నాలుగు మెట్లు దిగినపుడు, అంచున నిలిచినవాడు జారిపడును. వానిని మనం మొద్దు అని పిలుచుట, పడినవానిని మరల త్రోయుటే.

మన జాతీయ సేవా పథకం విద్యార్థులు ప్రతి యేట శిబిరంలో ఇంటింటికి తిరిగి ఒక పత్రం నింపుదురు. ఇల్లు సొంతమా, మరుగుదొడ్డి ఉన్నదా, నల్లా ఉన్నదా అని అందులో వేరు వేరు గళ్లు. ఈ యేడు గర్భిణులో పసిపిల్లలో ఉన్న ఇండ్లకు వేరొక పత్రం తయారు చేయుదమని వారితో అనుకొన్నాము. నీరు ఎక్కడిది, పొయ్యి ఏది, తండ్రి పని ఏది, పని బట్టలు ఎక్కడ ఉతుకుదురు, పాత్రలకు కళాయి ఎవరు వేసినారు, గదిలో ఏ పొగ వేయుదురు, కన్నులకు ఏమి పెట్టుదురు, తల్లికి రక్తం ఎంత. ఇవన్నీ ఒకే వరుసలో, ఒకే బిడ్డ పేరు క్రింద. మొదటి పత్రం మా ఇంటిదే నింపవలెనని నిశ్చయించినాము. సుర్మా గడిలో ఏమి వ్రాయవలెనో దాదీ ఇంకను తేల్చలేదు.